సంతకం పైన ఖాళీ

8 ఫిబ్రవరి 2003, శనివారం. పుంగనూరు

ఈరోజు మదనపల్లె సమీక్షా సమావేశంలో మా ఎమ్మెల్యే మునిలక్ష్మమ్మ, మా అందరికీ అమ్మ, మంత్రిగారి ముందున్న బల్ల మీద గడ్డిమోపు పెట్టింది.

నాకు ముందే చెప్పి ఉంటే ఆపేవాణ్ని. అందుకే చెప్పలేదు. జీపు వెనక గోతంలో ఏదో చుట్టి ఉండడం చూశాను గానీ ఎవరికో ఇవ్వాల్సిన సామాను అనుకున్నాను. మండలాఫీసు ఉద్యోగం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చి, ఆమె వెంట పీఏగా మూడేళ్లకు పైగా తిరుగుతున్నాను. జీపులో ఏముందని అడగడం మానేసి చాలా కాలమైంది.

మంత్రిగారు కరువు సహాయం గురించి మాట్లాడుతున్నారు. పక్కన మా పార్టీ జిల్లా అధ్యక్షుడు దొరస్వామి. పశువులకు గడ్డి సరఫరా చేస్తున్నది ఆయన బావమరిది అని ఆ హాల్లో తెలియనివాళ్లు లేరు. అమ్మ లేచింది, గోతం విప్పింది, మోపు తీసి బల్ల మీద వేసింది. నల్లగా బూజు పట్టిన గడ్డి. దుమ్ము లేచి మంత్రిగారు రెండుసార్లు తుమ్మారు.

“సార్, మీ డిపోలో మాకిచ్చిన గడ్డి ఇది. ఇది తిని మా చెంగమ్మ ఆవులు మూడు సచ్చిపోయినాయి. ఆ ఒక్క పల్లెలోనే పదకొండు. సేత్తో ముట్టుకోని సూడండి సార్, పశువు నోట్లో పెట్టేదా ఇది?”

“అమ్మా, కూసోండి. పార్టీలో మాట్లాడుకుందాం,” అన్నాడు దొరస్వామి.

“పార్టీలో నాలుగుసార్లు మాట్లాడితి గదప్పా. నువ్వు కాఫీ ఇచ్చి పంపిస్తివి.”

వెనక ఎవరో నవ్వారు. పత్రికలవాళ్లు ఫోటోలు తీశారు. మంత్రిగారు లేచి వెళ్లిపోయారు.

తిరుగు దారిలో పుంగనూరు దగ్గరికి వచ్చాం. అప్పుడు అమ్మ అడిగింది, “నేను తప్పు సేసినానా ఉమాశంకరా?”

“లేదమ్మా,” అన్నాను.

చేసిందనే అనుకున్నాను.

9 ఫిబ్రవరి

ఫోటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. అందులో నేను కూడా ఉన్నాను, అమ్మ వెనక, నోరు తెరుచుకుని.

10 ఫిబ్రవరి, సోమవారం

సంతకాల రోజు.

అమ్మ చదువు మూడో తరగతితో ఆగింది. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదువుతుంది. అధికారుల భాష ఆమెకు మింగుడుపడదు. పాలసంఘం అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు నేర్చుకున్న సంతకం మాత్రం గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉంటుంది. వారమంతా పల్లెల్లో తిరుగుతుంది కాబట్టి సోమవారం పొద్దున్నే లెటర్‌హెడ్ కాగితాల అడుగున సంతకాలు పెట్టి నాకిచ్చేస్తుంది. హాస్టల్ సీటుకో, ఆసుపత్రికో, పింఛనుకో సిఫారసు కావాలని ఎవరైనా వస్తే, వాళ్ల పేరుతో పై భాగం నేను టైపు చేసి ఇస్తాను. ఆమె ఊళ్లో లేదని ఎవరూ ఉత్తచేతులతో తిరిగిపోకూడదు. అదీ ఆమె లెక్క.

ఈరోజు సంతకాలు పెడుతూ నవ్వింది. “నాకు టికెట్టు ఇచ్చినప్పుడు దొరస్వామి ఏమన్న్యాడో తెల్సునా? మునిలక్ష్మమ్మ అయితే నోరెత్తదు అన్న్యాడంట.”

నిజమే. తొంభైతొమ్మిదిలో దొరస్వామి వర్గానికీ, పాత ఎమ్మెల్యే వర్గానికీ కుదరక, ఎవరికీ చెందని మనిషి కావాలని పాలసంఘం నుంచి ఈమెను పట్టుకొచ్చారు. ఈ మూడేళ్లలో ఆ రెండు వర్గాలు ఒక్క విషయంలోనే కలిశాయి. ఈమెను పార్టీ నుంచి పంపించెయ్యాలి.

15 ఫిబ్రవరి, శనివారం. కుప్పం

పలమనేరులో బస్సు మారి, ఇల్లు చేరేసరికి పొద్దున పదకొండు దాటింది. మా పాప అర్చన పక్కింటి పిల్లతో తమిళంలో ఏదో చెబుతోంది. అర్థం కాక నా భార్య కుసుమను అడిగాను.

“‘మా నాన్న వచ్చినాడు, రేపు పోతాడు’ అంటాండాది.”

పాపకు ఏడేళ్లు. కుసుమ ఇక్కడి బడిలో ఆరేళ్లుగా పంతులమ్మ. నేను పుంగనూరులో. పోయిన నెల పాపకు జ్వరం వస్తే కుసుమ ఒక్కతే ఎత్తుకుని ఆసుపత్రికి పోయింది. నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. అమ్మతో ఏదో పల్లెలో ఎండిన బోర్లు చూస్తూ ఉన్నాను.

భోజనాల దగ్గర కుసుమ చెప్పింది, బదిలీ ఫైలు మళ్లీ తిరిగొచ్చిందని. మూడోసారి.

“మా హెడ్మాస్టర్ ఏమంటాడో తెలుసునా? మీ ఆయన తెచ్చే సిఫారసు వల్లే రాలేదమ్మా అంటాడు. ఆ ఎమ్మెల్యే పేరు చూస్తే పైన ఫైలు పక్కన పెట్టేస్తాండారంట.”

అమ్మ ఆ ఉత్తరం మీద సంతకం పెట్టి ఊరుకోలేదు. హైదరాబాదులో సచివాలయం మెట్లు తానే ఎక్కి పోయి ఇచ్చింది. ఆ సంగతి కుసుమకు చెప్పలేదు.

20 ఫిబ్రవరి, గురువారం. మదనపల్లె

దొరస్వామి పిలిపించాడు. పార్టీ పని అనుకుని వెళ్లాను. కాదు, అలా అనుకోలేదు.

వరండాలో కూర్చోబెట్టాడు. రోడ్డు మీద టమోటా లారీలు పోతున్నాయి. పని మనిషి కాఫీ తెచ్చిపెట్టి లోపలికి వెళ్లాక మొదలుపెట్టాడు.

“ఏమప్పా ఉమాశంకర్, మీ యమ్మను ఇంక బెట్టుకోలేము. ఆ సంగతి నీకూ తెలుసు. గడ్డి కోసరం పంపిస్తే మాకే నష్టం. పశువుల కోసం అడిగితే తరిమేసినారని ఊరూరా సెప్తుంది. జనం ఆయమ్మ పక్కన నిలబడతారు.”

నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను.

“అదే, ఆయమ్మే అవతలి పార్టీలోకి పోవాలని సూసిందనుకో. అప్పుడు జనమే థూ అంటారు.”

“ఆమె అట్లాంటి మనిషి కాదండి.”

“అట్లాంటిదని నేనంటినా? కాయితం అంటే సాలు. ఆయమ్మ సంతకం బెట్టిన కాయితం.” మాట మార్చినట్టు అడిగాడు. “మీ ఇంటామె కుప్పం తట్టు గదా పని సేస్తాండేది? మదనపల్లెలో ఒక ఖాళీ ఉండాది. ఆడపిల్లను బెట్టుకోని ఒంటిగా ఎన్నాళ్లప్పా?”

కాఫీ తాగి వచ్చేశాను. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను: ఏమీ ఒప్పుకోలేదు.

25 ఫిబ్రవరి

ఇచ్చాను. ఒక్క కాగితం. దాని మీద వాళ్లేం రాసుకుంటారో నాకు తెలియదు.

26 ఫిబ్రవరి

నిజంగానే తెలియదు.

3 మార్చి, సోమవారం. పుంగనూరు

సంతకాలు. ఎప్పటిలాగే పెట్టింది. పెట్టేటప్పుడు కాగితం వైపు చూసింది గానీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో.

“పాపకు జరం మల్లా రాలేదు గదా?” అని అడిగి, రాగిపిండి, నెయ్యి డబ్బా ఇచ్చింది. “కుసుమను ఒల్లు జాగ్రత్తగా సూసుకోమను.”

తీసుకున్నాను. తీసుకోకపోతే అనుమానం వస్తుందని తీసుకున్నాను. కాదు. ఇచ్చింది కాబట్టి తీసుకున్నాను.

12 మార్చి, బుధవారం

పొద్దున్నే పేపర్లో వచ్చింది. ‘గోడ దూకేందుకు ఎమ్మెల్యే సిద్ధం.’ కింద ఉత్తరం నకలు. అవతలి పార్టీ రాష్ట్ర నాయకుడికి అమ్మ రాసినట్టు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఖాయం చేస్తే ముగ్గురు జడ్పీటీసీ సభ్యులతో కలిసి వస్తానని. అడుగున గుండ్రటి సంతకం.

మధ్యాహ్నానికి పార్టీ షోకాజ్ నోటీసు, దానికి జతగా ఆ ఉత్తరం జిరాక్సూ తెచ్చి ఇచ్చారు. అమ్మ దొడ్లో ఆవుకు కుడితి పెడుతోంది. చేతులు కడుక్కుని వచ్చి నులకమంచం మీద కూర్చుంది.

“సదువు ఉమాశంకరా.”

చదివాను.

“ఇంకోసారి సదువు. నిదానంగా.”

మళ్లీ చదివాను. రెండో పేరా దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఆ మాట మల్లా సెప్పు.”

“‘తమ ఆదరణకు సదా పాత్రురాలనై...’”

“ఆఁ. అది.” కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే ఆరిపోయి ఉన్నాయి అవి. “ఈ మాట మన ఉత్తరాల్లో ఉంటుంది గదా? నాకు నోరు తిరగదని నేను నవ్వేదాన్ని.”

“అందరూ రాసే మాటేనమ్మా,” అన్నాను.

“అట్లనా,” అంది.

కుడితి తొట్టి దగ్గరికి తిరిగి వెళ్లింది. నేను నోటీసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవు తాగడం అయ్యేదాకా ఆమె వెనక్కి తిరగలేదు.

14 మార్చి

ఈ పుస్తకం ఎవరూ చదవరు. కుసుమ కూడా. అయినా దీంట్లో కూడా అబద్ధం రాసుకున్నాను.

కాగితం ఒక్కటే ఇచ్చానన్నది అబద్ధం. టైపు చేసింది నేనే. ఆ రోజు మదనపల్లె పార్టీ ఆఫీసులో, మధ్యాహ్నం మూడింటికి. దొరస్వామి కుర్చీలో వెనక్కి వాలి చెబుతూ పోయాడు. అతని తెలుగు వంకరటింకర. కర్త ఒకటి, క్రియ ఒకటి. నేను సరిచేశాను. ఎవరూ సరిచేయమనలేదు. ‘టికెట్టు ఇస్తే వస్తా’ అని అతనంటే, ‘తమ ఆదరణకు సదా పాత్రురాలనై’ అని నేను కలిపాను. సంతకం పైన ఎంత చోటు ఉందో చూసుకుని, పంక్తుల మధ్య ఎడం సరిపెట్టాను. అతుకు కనపడకూడదని.

పూర్తయ్యాక దొరస్వామి కాగితం ఎత్తి పట్టుకుని, “బలే రాస్తావప్పా,” అన్నాడు.

నాకు సంతోషం కలిగింది. ఒక్క క్షణం. అది రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

22 మార్చి, శనివారం. మదనపల్లె

క్రమశిక్షణ సంఘం. హైదరాబాదు నుంచి ముగ్గురు వచ్చారు. అతిథిగృహం హాల్లో పొడుగాటి బల్ల. ఒకవైపు వాళ్లు, పక్కన దొరస్వామి. అమ్మకు ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. నన్ను తలుపు దగ్గర కూర్చోమన్నారు. అవసరమైతే సాక్షిగా పిలుస్తామన్నారు.

చైర్మన్ పెద్దాయన. మర్యాదగానే మాట్లాడాడు. ఉత్తరం అసలు ప్రతిని ఆమె ముందు పెట్టాడు.

“ఈ సంతకం మీదేనా అమ్మా?”

అమ్మ వేలు పెట్టి తన పేరును మొదటి అక్షరం నుంచి చివరిదాకా తడిమింది.

“నాదే సార్.”

“పై విషయం?”

“నా మనసులో ఎప్పుడూ లేని విషయం.”

“మరి మీ సంతకం పైకి ఎట్లా వచ్చింది? మీ ఆఫీసులో ఎవరైనా...”

దొరస్వామి నా వైపు చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. ఖాళీ కాగితాలు ఎవరి బీరువాలో ఉంటాయో చెబితే చాలు.

“సంతకం బెట్టింది నేను,” అంది అమ్మ. “దాని పైన ఏముంటే అది నా నెత్తినే. ఇంకెవురి పేరూ ఎత్తొద్దండి.”

“అంటే ఒప్పుకుంటున్నారా?”

“లేదు సార్. నేను పోవాలనుకోలేదు. ఇంతకన్నా నాకు మాట్లాడేది రాదు.” తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఇంత దూరం వచ్చినారు గదా, గడ్డి సంగతి ఎప్పుడు అడుగుతారు?”

“అది ఈరోజు విషయం కాదమ్మా.”

“మరి యా పొద్దు విషయం?”

ముగ్గురూ కాగితాలు సర్దుకున్నారు. నన్ను సాక్షిగా పిలవలేదు. పిలవాల్సిన అవసరం రాలేదు.

నన్ను కాపాడింది. జీపులో ఆమె వెనక సీట్లో కూర్చుని పుంగనూరు దాకా అదే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. నన్ను కాపాడింది.

30 మార్చి, ఆదివారం

పార్టీ నుంచి ఆరేళ్లు బహిష్కరణ. దొరస్వామి మనుషులు పుంగనూరు బస్టాండులో టపాకాయలు కాల్చారు. పాత ఎమ్మెల్యే మనుషులు స్వీట్లు పంచారు. రెండు వర్గాలూ ఒకే చోట పండగ చేసుకోవడం నేను ఇంతకుముందు చూడలేదు.

31 మార్చి, సోమవారం

ఈరోజు సంతకాలు లేవు. చెంగమ్మ వచ్చింది. మూడు ఆవులు పోగొట్టుకున్న చెంగమ్మ. పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి వాకిట్లోనే నిలబడింది. కాళ్లు కడుక్కోమని నీళ్లిస్తే ముట్టుకోలేదు.

“మా కోసరం గడ్డి మోసుకోని పోయినావని మా పల్లెలో నీ ఫోటో అంటించుకుంటిమి. నువ్వు పోయేదుంటే మాకొక మాట సెప్పి పోకూడదామ్మా? మమ్మల్ని అడక్కుండా యాడికి పోదామనుకుంటివి?”

“నేను యాడికీ పోలేదు చెంగమ్మా.”

“మరి ఆ సంతకం?”

“నాదే.”

చెంగమ్మ వెనక్కి తిరిగింది. వచ్చినవాళ్లందరూ ఆమె వెంట నడిచారు. అమ్మ గడపలో నిలబడి వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. బహిష్కరణ కాగితం వచ్చినప్పుడు కూడా ఆమె ముఖం అలా లేదు.

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది.

17 ఏప్రిల్

కుసుమ బదిలీ ఆర్డరు వచ్చింది. నా డిప్యుటేషన్ కూడా రద్దు చేశారు. మదనపల్లె మండలాఫీసులో పాత ఉద్యోగం. అమ్మకు చెప్పడానికి వెళితే, “మంచిది నాయనా, ఇంటామె దగ్గర ఉండొచ్చు,” అంది. బీరువా తాళాలు ఆమె చేతిలో పెట్టాను. మిగిలిన సంతకాల కాగితాలు నా ముందే పొయ్యిలో వేసింది. ఒక్కొక్కటిగా వేసింది, తొందరేమీ లేకుండా.

11 మే, ఆదివారం. కుప్పం

సామాను కట్టడం అయిపోయింది. పాప పక్కింటి పిల్లను వదలనని ఏడుస్తోంది, తమిళంలో. నాకోసం ఎదురుచూసిన పిల్లే ఇప్పుడు నాతో రానంటోంది.

కుసుమ గిన్నెలు గోనెసంచిలో పెడుతూ ఉన్నట్టుండి ఆగింది.

“మూడుసార్లు రానిది ఇప్పుడెట్లా వచ్చిందండీ?”

“దొరస్వామి చెప్పాడు.”

“ఆయన యాల చెప్పల్ల? మీరు ఆయమ్మ మనిషి గదా?”

ఆమె నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. పంతులమ్మ. తప్పు చేసిన పిల్లవాణ్ని ఎంతసేపు చూస్తే చెబుతాడో ఆమెకు తెలుసు. చెప్పాను. టైపు చేసిన సంగతితో సహా.

కుసుమ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

“ఈ ఆర్డరు వద్దని నేను అనలేను,” అంది. “ఆరేళ్లు. నాకు చాతకాదు ఇంక. అందుకని మీతో పాటు నాకూ దీంట్లో వాటా ఉండాది. కానీ మీరు పోయి ఆయమ్మకు చెప్పల్ల. మీరు చెప్పేదాకా ఆ మదనపల్లె ఇంట్లో నాకు అన్నం దిగదు.”

2 జూన్

పుంగనూరు వెళ్లాను. అమ్మ ఇంటి తలుపు వేసి ఉంది.

3 జూన్

తలుపు తెరిచే ఉంది. ఆమె గొంతు కూడా వినపడింది. నేనే లోపలికి పోలేదు.

9 జూన్

మళ్లీ వెళ్లాను. బస్టాండు దాకా.

21 జూన్, శనివారం

ఈరోజు చెప్పాను.

అమ్మ దొడ్లో పొట్టి ఆవును కడుగుతోంది. నన్ను చూసి కొంగు దోపు తీసి, “రా నాయనా, ఎన్ని దినాలాయ,” అంది. కూర్చోమంది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. కాగితం ఇచ్చింది నేనని, టైపు చేసింది నేనని, ఎందుకో కూడా.

“తెలుసు,” అంది. “నువ్వు సదివినావు సూడు, ఆ పొద్దే తెలుసు.”

“మరి సంఘం ముందు నన్నెందుకు కాపాడినారమ్మా?”

ఆమె చేతిలోని తెంకాయపీచు ఆగిపోయింది. నన్ను వింతగా చూసింది.

“నిన్నా?”

తర్వాత పీచు పక్కన పెట్టి, రాతి మీద కూర్చుంది. “నేను ఖాళీ కాయితాల మీద సంతకాలు బెట్టేదాన్నని ఆడ సెప్తే ఏమైతాది? మూడేండ్లుగా నా ఉత్తరం బెట్టి పిల్లోల్లను హాస్టల్లో సేర్పించినోల్లు, ఆపరేషన్ సేయించుకున్నోల్లు, పింఛన్ తీసుకునే ముసిలోల్లు, అందర్నీ రేపు ఆఫీసుల్లో నిలబెట్టి ‘ఇది నిజమైన ఉత్తరమేనా’ అని అడుగుతారు. దొరస్వామికి అంతకన్నా ఏం కావల్ల? నేను నోరు మూసుకునింది వాల్ల కోసరం. నువ్వు నా తలపుకే రాలేదు ఆ పొద్దు.”

మూడు నెలలుగా ఆమె దయ అనుకుని మోస్తున్నది నాది కానే కాదు. ఆ మాట వినగానే, సిగ్గుకన్నా ముందు, ఏదో లాక్కున్నట్టు బాధ కలిగింది. ఇంత జరిగాక కూడా ఆమె తలపుల్లో నాకు చోటు కావాలి.

“నేనేం చెయ్యాలమ్మా?” అన్నాను. “కాళ్లు పట్టుకోనా?”

“నా కాళ్లు బట్టుకుంటే నాకేమొస్తాది? నాకు తెలిసిందే గదా నువ్వు సెప్పేది.” లేచి బకెట్టు తీసుకుంది. “తెలియనోల్లకు సెప్పు. చెంగమ్మకు సెప్పు. రేపు పొద్దున్నే పాల కేంద్రం కాడ ఉంటారు అందరూ.”

“ఆ సంతకాల సంగతి బయటపడితే మరి, వాళ్లందరూ...”

“సీట్లకూ పింఛన్లకూ నువ్వు రాసినవన్నీ నేను సూసినవే, నేను ఒప్పుకునేవే అని నేను సెప్తా. నాకు తెలియకుండా రాసింది ఒక్కటే అని నువ్వు సెప్పు. అప్పుడు నిన్ను తప్ప ఇంకెవుర్నీ అడగరు.” నీళ్లు ఆవు వీపు మీద పోసింది. “అది నీకు కష్టమే. సూసుకో.”

22 జూన్, ఆదివారం

పాల కేంద్రం. ఆరున్నరకు అక్కడున్నాను. వానలు లేక పాలు తగ్గాయి. క్యాన్లలో అడుగున తప్ప లేవు. ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. నేను కొలిచే బల్ల పక్కన నిలబడి, గట్టిగానే చెప్పాను. పార్టీ మారతానని అమ్మ ఉత్తరం రాయలేదు, నేను రాశాను. ఆమె నన్ను నమ్మి సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీద రాశాను. ఆమెకు తెలియకుండా రాసింది అదొక్కటే.

పాలు కొలిచే మనిషి చెయ్యి ఆపాడు. ఎవరూ తిట్టలేదు. తిడతారని తయారై పోయాను నేను.

చెంగమ్మ వరస వదిలి ముందుకు వచ్చింది.

“యాల సేసినావప్పా?”

“నా పెండ్లాం కుప్పంలో, నేను ఈడ. ఆరేండ్లు. బదిలీ ఇప్పిస్తామన్నారు.” నాకు తెలియకుండానే నా మాట మా ఊరి మాట అయిపోయింది.

ఆమె తల ఊపింది. అర్థమైనట్టే ఊపింది. తర్వాత అడిగింది.

“మా ఆయప్ప బెంగుళూర్లో గారపని సేయబట్టి ఎనిమిదేండ్లు. బోరు ఎండిపోయిన కాడి నుంచి. యాడాదికి రెండుసార్లు వస్తాడు. ఆ మూడావులు ఉండుంటే ఈ యాడు వచ్చేసుండు. నేనెవురి కాయితం ఇచ్చి పిలిపించుకోవల్ల, నువ్వే సెప్పు.”

కోపంగా అడగలేదు. తెలిసినవాణ్ని, రాతకోతలు వచ్చినవాణ్ని అడిగినట్టు అడిగింది.

ఆమె క్యాను ఎత్తుకుని అమ్మ ఇంటి వైపు నడిచింది. ఒకరి తర్వాత ఒకరు, కొందరు వెంట వెళ్లారు. అందరూ కాదు. కొందరు పాలు పోయడానికి వరసలోనే ఉన్నారు. “ఈయప్ప ఇప్పుడు ఎవురి దగ్గిర దుడ్డు తీసుకోని ఇట్లా సెప్తాండాడో,” అంది వాళ్లలో ఒకామె.

2 జూలై

నేను చెప్పింది పేపర్లో చిన్న వార్త. లోపలి పేజీ. నాకు సస్పెన్షన్ ఆర్డరు. దొరస్వామి ఫోన్ చేసి, “పెండ్లాం బిడ్డా ఉండేవాడివి, ఇట్లా సేస్తివి,” అన్నాడు. జాలిగానే అన్నాడు. కుసుమ బదిలీ ఆర్డరును మాత్రం అతను రద్దు చేయించలేదు. చేయిస్తే నేను చెప్పింది నిజమని తేలిపోతుంది. నేను చెడగొట్టింది అలాగే చెడింది. నేను సంపాదించింది మాత్రం నా దగ్గరే ఉంది.

కుసుమ జీతంతో ఇల్లు నడుస్తోంది. అన్నం తింటోంది. నాతో మాట్లాడుతోంది. అవసరమైనంత.

13 మే 2004, గురువారం. మదనపల్లె

దాదాపు ఏడాది తర్వాత ఈ పుస్తకం తీశాను.

అమ్మ ఇండిపెండెంటుగా నిలబడింది. మూడో స్థానం. చెంగమ్మ వాళ్ల పల్లెలో మాత్రం ముప్పాతిక ఓట్లు ఆమెకే పడ్డాయట. మిగిలిన చోట్ల ‘ఉత్తరం సంగతి’ ఇంకా నడుస్తోంది. నేను అబద్ధం రాసింది మొదటి పేజీలో వచ్చింది. నిజం చెప్పింది లోపలి పేజీలో. మొదటిదే అందరూ చదివారు. మా పార్టీ కూడా ఓడిపోయింది. దొరస్వామి, పాత ఎమ్మెల్యే ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు పంపుకుంటున్నారట. గడ్డి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

19 మే, బుధవారం

ఈ మధ్యాహ్నం పలమనేరు బస్టాండులో అమ్మ కనపడింది. జీపు లేదు. బైరెడ్డిపల్లె బస్సు కోసం నిలబడి ఉంది, చేతిలో గుడ్డసంచి. అక్కడి పశువుల డాక్టరును పిలుచుకురావడానికి పోతోందట. తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

“ఏం నాయనా, ఉద్యోగం మల్లా ఇచ్చినారా?”

“ఇంకా ఎంక్వైరీ నడుస్తోందమ్మా.”

“పాప బాగుండాదా? కుసుమ యాడ పని సేస్తాండాది?”

“బాగుండాదమ్మా.” తర్వాతి మాట బస్సుల బోర్డుల వైపు చూస్తూ చెప్పాను. “మదనపల్లెలోనే.”

“మంచిది,” అంది. “బిడ్డకు తండ్రి దగ్గరుండల్ల.”

బస్సు వచ్చింది. జనంతో పాటు తోసుకుంటూ ఎక్కింది. కిటికీ దగ్గర చోటు దొరికి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు పక్కనున్నామెతో అప్పుడే ఏదో మాట్లాడుతోంది.

ఆ ‘మంచిది’లో ఎత్తిపొడుపు ఉందేమోనని మదనపల్లె చేరేదాకా వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.